గన్నేరాకు లోపలి గాలి

ఏప్రిల్ నెల. మధ్యాహ్నం రెండు దాటింది. హైవే మధ్యలో డివైడరు గట్టు మీద నిలబడి ఉన్నారు మీరు. అటూ ఇటూ లారీలు పోతున్నాయి. పోయిన ప్రతి లారీ వెనకా వేడిగాలి ఒకటి లేచి చెంపకు కొడుతోంది. సిమెంటు గట్టు చెప్పుల్లోంచి కూడా కాలుస్తోంది. ఎండ 42 డిగ్రీలు. మీ ఎదురుగా వరసగా గన్నేరు చెట్లు, విరగబూసి. కింద మట్టి నెర్రెలిచ్చింది. పక్కన మొలిచిన గడ్డి ఎప్పుడో ఎండి చిట్లిపోయింది. గన్నేరు మాత్రం ఒక్క ఆకూ వాల్చలేదు.

ఒక కొమ్మ వంచి చూడండి. కణుపు కణుపుకీ మూడేసి ఆకులు. సన్నగా, పొడుగ్గా, చివర మొనదేలి ఉన్నాయి. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే బిరుసుగా ఎదురు నొక్కుతాయి. పై ముఖం ముదురు పచ్చ, దాని మీద దుమ్ము పొర. నడి ఈనె నుంచి పిల్ల ఈనెలు రెండు వైపులా బారుగా, ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా సాగాయి. ఒక ఆకు తుంచండి. తొడిమ తెగినచోట జిగట రసం ఊరుతుంది. అది కంటికీ నోటికీ తగలకూడదు. ఈ మొక్కలో అన్ని భాగాల్లోనూ ఒలియాండ్రిన్ అనే విషం ఉంది, గుండె లయనే తప్పించేస్తుంది. మేకలు కూడా దీన్ని వాసన చూసి వదిలేసి పోయేది అందుకే.

ఇంత ఎండలో ఈ ఆకు వాడకుండా ఎలా ఉందని అడగడం సులువే. ఒళ్లంతా మైనం పూసుకుని, రంధ్రాలన్నీ మూసుకుని కూర్చుంటే నీళ్లు ఎక్కడికీ పోవు. కానీ అలా కూర్చున్న ఆకు ఆకలితో చస్తుంది. దాని తిండి గాలిలో ఉంది. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ నూటికి 0.04 పాళ్లు మాత్రమే. ఆ కాస్తనీ పట్టుకోవాలంటే తలుపు తీయాలి. తీసిన తలుపులోంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి వచ్చేలోగా కొన్ని వందల నీటి అణువులు బయటికి పోతాయి. భూమ్మీద ఆకుపచ్చగా ఉన్న దాదాపు ప్రతి ఆకూ పొద్దున లేస్తే ఈ నష్టపు బేరమే చేస్తుంది. ఆ బేరంలో ఆకు ఎక్కడ ఎంత మిగుల్చుకుంటోందో దాని లోపలి కట్టడంలో రాసి ఉంటుంది. చదవాలంటే కొయ్యాలి.

రోడ్డు దాటి, డిగ్రీ కాలేజీ ల్యాబులోకి రండి. పొడవాటి రాతి బల్లలు, చెక్క స్టూళ్లు, కిటికీ వైపు వరసగా సూక్ష్మదర్శినులు. ప్రాక్టికల్స్ రోజులు. పిల్లలు తలలు వంచుకుని కోతలు కోస్తున్నారు. మీ ముందు ఒక కొత్త బ్లేడు, వాచ్ గ్లాసులో నీళ్లు, సన్నటి కుంచె, సఫ్రనిన్ సీసా, గ్లిజరిన్.

ఆకును కడిగి, నడి ఈనె ఉన్నచోట చిన్న ముక్క తీసుకోండి. బంగాళాదుంప ముక్కకు గాటు పెట్టి ఆకును అందులో నిలబెట్టండి. బ్లేడును తడిపి, ఒక్క లాగులో, ఆపకుండా కొయ్యాలి. మొదటి నాలుగైదు కోతలు మందంగా వస్తాయి. ఆ తర్వాత ఒకటి వాచ్ గ్లాసులో పడగానే కనపడీ కనపడకుండా తేలుతుంది. కావలసింది అదే. కుంచెతో ఎత్తి సఫ్రనిన్‌లో ముంచి, నీళ్లలో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి, పైన కవర్ స్లిప్ వాల్చండి.

పక్క స్టూలు మీది అమ్మాయి తల ఎత్తింది. “మేడమ్, నాకు గుంటలు కనపడట్లేదు.”

“ప్రతి కోతలోనూ గుంట పడదమ్మా. నడి ఈనె వదిలేసి పక్కకి రా. ఇంకో నాలుగు కొయ్యి.”

కంటిని కటకానికి ఆనించండి. మొదట మసక. మర తిప్పుతూ పొండి. మసకలోంచి ఒక ఎర్రటి గీత, దాని కింద పచ్చటి పట్టీ, మళ్లీ ఇంకో ఎర్రటి గీత తేలతాయి. అర మిల్లీమీటరు కూడా లేని మందం ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు మీ చూపంతా నిండిపోయింది.

పై అంచు నుంచి మొదలుపెడదాం. అన్నిటికన్నా పైన మెరిసే పొర ఒకటి ఉంది, అందులో కణాలు లేవు. అది అవభాసిని, బాహ్యచర్మ కణాలు తమ పైన తామే స్రవించుకున్న మైనపు పూత. దాని కింద బాహ్యచర్మం. మామిడాకునో మందారాకునో కోసి చూస్తే ఇక్కడ ఒకే వరస కణాలుంటాయి. గన్నేరుకు రెండు మూడు వరసలు. గోడలు మందం, లోపల పచ్చదనం లేదు. ఎండ వీటిని దాటుకుని లోపలికి పోతుంది, నీరు మాత్రం వీటిని దాటి బయటికి రాలేదు. ఈ పై ముఖమంతా వెతకండి, ఒక్క పత్రరంధ్రం దొరకదు. సూర్యుడి వైపు ఈ ఆకుకు తలుపే లేదు.

బాహ్యచర్మం దాటగానే పచ్చదనం గుప్పున కమ్ముతుంది. నిటారుగా, పొడవుగా, దగ్గర దగ్గరగా నిలబడ్డ కణాలు రెండు మూడు వరసలు. ఇదే స్తంభ మృదుకణజాలం. ప్రతి కణంలోనూ గోడను ఆనుకుని హరితరేణువులు. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో 200వ వంతు ఉంటుంది, పదుల సంఖ్యలో ఉన్నాయి. అవి గోడకే ఎందుకు అతుక్కున్నాయో గమనించండి. కణం మధ్యభాగమంతా నీటి సంచీ ఆక్రమించుకుంది. హరితరేణువు అంచుకు జరిగి కూర్చుంటే గోడ అవతలి గాలికి దగ్గరవుతుంది.

ఆ గాలి సంగతే ఇప్పుడు చూడాలి. స్తంభ కణాలు పైపైన చూస్తే ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నట్టే కనిపిస్తాయి. సన్న మర ఇంకాస్త తిప్పండి. కణానికీ కణానికీ మధ్య నిలువునా సన్నటి సందులున్నాయి. ఇంకా కిందికి, ఆకు నడిమధ్యకు దిగితే ఆ సందులు విశాలమై గదులవుతాయి. అక్కడి కణాలకు ఒక ఆకారమంటూ లేదు. ఒక్కోటీ ఒక్కో వైపు చేతులు చాచి పక్కదాన్ని అందుకుంటుంది, మిగిలినదంతా ఖాళీ. దీన్ని స్పంజి మృదుకణజాలం అంటారు. రికార్డు పుస్తకంలో బొమ్మ గీసేటప్పుడు పిల్లలందరూ కణాలనే గీస్తారు, పేర్లన్నీ కణాలకే పెడతారు. ఆ కణాలు వదిలిన ఖాళీ, ఆకు లోపలి గాలి, పేరు లేకుండా తెల్లగా మిగిలిపోతుంది. నా మట్టుకు నాకు ఆకులో ముందు చూడవలసింది ఆ తెల్లటి భాగమే.

కారణం లెక్కలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కన్నా గాలిలో సుమారు 10,000 రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. ఆకు లోపలంతా కణాలతోనే కిక్కిరిసి ఉంటే, రంధ్రంలోంచి వచ్చిన అణువు తడి గోడలు దాటుకుంటూ, కణద్రవాల్లో ఈదుకుంటూ పై వరసకు చేరేలోగా పొద్దు గుంకుతుంది. అందుకే ప్రతి కణం గుమ్మం దాకా గాలి దారి వేసి ఉంచింది. చివరి అడుగు మాత్రమే నీటిలో. ఈ లోపలి గదుల గోడలన్నీ విప్పి పరిస్తే వచ్చే వైశాల్యం ఆకు బయటి వైశాల్యానికి పది రెట్లకు పైనే. మనం చేత్తో తడిమిన ఆకు కన్నా లోపల గాలికి తగులుతున్న ఆకు పెద్దది.

స్లైడు మీది కోతలో ప్రాణం లేదు. సఫ్రనిన్ తాగిన కణాలవి. కాబట్టి ఇక కటకం చూపించని చోటికి, డివైడరు మీద ఇంకా పని చేస్తున్న ఆ ఆకులోకే పోదాం. స్పంజి కణజాలం మధ్యన ఒక గాలి గదిలో నిలబడ్డారనుకోండి. మొట్టమొదట ఒంటికి తెలిసేది ఉక్క. బయట గాలి పొడిగా ఎండగొడుతుంటే ఇక్కడ తేమ నూటికి దాదాపు నూరు పాళ్లు. చుట్టూ ఉన్న ప్రతి గోడా తడిగా మెరుస్తోంది. తల ఎత్తితే స్తంభ కణాల మధ్యనుంచి వెలుతురు దిగుతోంది. అందులో ఎరుపూ నీలమూ చాలావరకు పై వరసల్లోనే ఆగిపోయాయి. ఇంత లోతుకు చేరినదాంట్లో ఆకుపచ్చ పాలే ఎక్కువ. అదీ తిన్నగా రావడం లేదు. తడి గోడా గాలీ కలిసే ప్రతిచోటా వంగి, విరిగి, చెదిరి, ఏ మూల నుంచి వస్తోందో తెలియకుండా నలువైపులా పరుచుకుంటోంది. అలా తిరిగీ తిరిగీ ఏదో ఒక హరితరేణువుకు చిక్కుతుంది.

ఆ గోడల తడి ఎక్కడిదో చూడాలంటే ఈనె దగ్గరికి నడవాలి. ఎంతో దూరం పోనక్కర్లేదు. ఆకులో ఏ కణమూ ఈనెకు కొన్ని కణాల దూరం దాటి ఉండదు. నాళికాపుంజం చుట్టూ ఒక వరస కణాలు దగ్గరగా కమ్ముకుని ఉన్నాయి, అది పుంజపు తొడుగు. దాన్ని దాటితే దారు నాళాలు. వీటి గోడలు మందం, లిగ్నిన్ పట్టి గట్టిపడ్డాయి. స్లైడు మీద ఎర్రగా మండినవి ఇవే. ఇవి ఇప్పుడు చచ్చిన కణాలు, లోపల బోలు. వేరు నుంచి ఈ ఆకు కొస వరకు నీరు వీటిలో తెగకుండా నిలిచి ఉంది. కింద నుంచి ఎవరూ పంపు కొట్టడం లేదు. గాలి గది గోడ మీది తడి ఆవిరైనప్పుడల్లా గోడ పోగుల మధ్య ఇరుకు సందుల్లో నీటి అంచు లోపలికి వంగుతుంది. ఆ వంపు వెనక నీటిని లాగుతుంది, అది దాని వెనకదాన్ని. ఆ లాగుడు చెట్టు మొత్తం దిగి నేలలో వేరు నూగు దాకా పోతుంది. డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ 1894లో ఈ మాట చెప్పినప్పుడు, నీటి తీగ అంత లాగుడుకు తెగకుండా నిలుస్తుందంటే చాలామంది ఒప్పుకోలేదు. నిలుస్తుంది. మీరు నిలబడ్డ ఈ గది గోడల తడే దాని కొస పట్టుకుని లాగుతోంది.

దారువును ఆనుకునే పోషక కణజాలం. గన్నేరు నడి ఈనెలో ఇది దారువుకు కిందా పైనా రెండు వైపులా ఉంటుంది, ఆ కుటుంబం మొక్కల గుర్తు అది. ఇక్కడి కణాలు బతికి ఉన్నాయి. హరితరేణువులు పగలంతా చేసిన చక్కెర వీటిలోకి చేరుతుంది. చక్కెర చిక్కబడ్డచోటికి పక్కనున్న దారువులోంచి నీరు దూకుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, పాకం మొగ్గల వైపూ వేళ్ల వైపూ కదులుతుంది. జర్మనీలో ఎర్న్‌స్ట్ ముంచ్ 1930లో వివరించిన దారి ఇది. డివైడరు మీద లేత కొమ్మల చివర పసుపు పచ్చటి పేనుబంక మూగి ఉండడం మీరు చూసే ఉంటారు. వాటి సూది మూతులు సరిగ్గా ఈ నాళాల్లోనే దిగి ఉంటాయి. పీల్చవలసిన పనే లేదు, ఒత్తిడి దానంతటదే నోటికి అందిస్తుంది.

పేనుబంకకు పట్టని విషం ఉన్న నాళం ఇంకొకటి పక్కనే పోతోంది. పాల నాళం. దాన్ని వేలితో పట్టుకుని వెనక్కి నడిచారంటే ఆకు దాటి తొడిమ, తొడిమ దాటి కొమ్మ, అక్కడ చీలికలు, మళ్లీ చీలికలు, ఎక్కడా అడ్డుగోడ తగలదు. గన్నేరు గింజలో, ఇంకా పిండంగా ఉన్నప్పుడే కొద్దిపాటి కణాలు ఈ పనికి కేటాయించబడతాయి. మొక్క పెరిగినంత మేరా అవే పొడవు సాగుతూ, కొమ్మలు వేస్తూ, మిగతా కణాల సందుల్లోంచి దూరుకుంటూ పోతాయి. మనిషెత్తు చెట్టులో ఈ కొన నుంచి ఆ కొన దాకా పాకిన కణం ఒకటే! కణమంటే కంటికి కనిపించనిదే అనుకునేవాళ్లకు చూపించవలసినది ఇది. దారిలో అక్కడక్కడా కొన్ని కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల గుత్తులు కూడా తగులుతాయి, ముళ్లు దేలి.

ఇక కిందికి దిగాలి. గన్నేరాకులో స్తంభ కణాలు కింది వైపు కూడా ఒకటి రెండు వరసలున్నాయి. ఈ ఆకులు నిక్కబొడుచుకుని నిలబడతాయి కాబట్టి కింది ముఖానికీ ఎండ తగులుతుంది, దాన్నీ వదులుకోలేదు. ఆ వరస దాటితే కింది బాహ్యచర్మం, పై దాని మాదిరే పలు వరసలతో. కానీ ఇది తిన్నగా పోవడం లేదు. ఉన్నట్టుండి లోపలికి మడత పడి, ఆకు మందంలో సగం దాకా పైకి దూసుకొచ్చి, మళ్లీ కిందికి దిగింది. పక్క స్టూలు అమ్మాయి వెతుకుతున్న గుంట ఇదే. తలకిందులు చేసిన దిగుడుబావి అనుకోండి. నోరు నేల వైపు, అడుగు ఆకాశం వైపు. ఆకు తిరగేసి భూతద్దం పెడితే ఈనెల మధ్య పాలిపోయిన చుక్కలుగా కనిపించేవి ఈ బావుల నోళ్లే.

లోపలంతా వెంట్రుకలు. గోడల నుంచి మొలిచి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, బావి నోటిని దాదాపు మూసేశాయి. వాటి మధ్యనుంచి జరుగుతూ పైకి పొండి. రోడ్డు మీది వేడిగాలి ఇక్కడికి రాలేదు. లారీ పోయినప్పుడు ఆకు ఊగుతుంది, బావిలో గాలి మాత్రం కదలదు. దుమ్ము వెంట్రుకల దగ్గరే ఆగిపోయింది. ఆ వెంట్రుకల మొదళ్ల మధ్య, గోడ మీద, ఉన్నాయి తలుపులు. జంటగా వంపు తిరిగిన రక్షక కణాలు. బాహ్యచర్మంలో హరితరేణువులు ఉన్నది వీటిలోనే. పొటాషియం అయాన్లు లోపలికి చేరితే వాటి వెంట నీరు వస్తుంది, కణాలు ఉబ్బి విల్లు వంగినట్టు వంగుతాయి, నడుమ సన్నటి చీలిక తెరుచుకుంటుంది. దాని వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. వేళ్లకు నీరు కరువైతే ఆబ్సిసిక్ ఆమ్లం ఆ కబురు మోసుకొస్తుంది. పొటాషియం బయటికి పోతుంది, కణాలు నీరుగారి ఒకదాని మీద ఒకటి వాలతాయి. చీలిక మూసుకుంటుంది.

ఈ గుంటలు నీటి ఆవిరిని ఆపడానికే ఉన్నాయని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. కదలని తేమ గాలి పొర రంధ్రం ముందు నిలిచి ఉంటే ఆవిరి నెమ్మదిస్తుందన్నది తర్కానికి సరిగ్గానే అతుకుతుంది. కానీ లెక్క కట్టి చూసినవాళ్లకు వేరే సంగతి కనిపించింది. ఆస్ట్రేలియాలో బాంక్సియా అనే మొక్కలకు కూడా ఇలాంటి గుంటలే ఉంటాయి. వాటి మీద 2009లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆవిరికి అసలు అడ్డు ఆ సన్న చీలికే, గుంట వల్ల కలిసొచ్చే పొదుపు స్వల్పం. మరి గుంట ఎందుకు? మందపాటి ఆకులో పై వరస కణాలు తలుపుకు చాలా దూరం. గుంట ఆ తలుపును ఆకు నడుమ దాకా మోసుకుపోతుంది, బయటి గాలి పై స్తంభ కణాలకు దగ్గరవుతుంది. బాంక్సియాకు చెప్పినది గన్నేరుకు ఉన్నదున్నట్టు వర్తిస్తుందని నేననను. అయినా ఈ అడ్డుకోత చూస్తున్నప్పుడు ఆ మాటే నాకు సబబనిపిస్తుంది. బిరుసుదనం కోసం ఆకు మందం పెంచుకుంది, మందం వల్ల లోపలివాళ్లకు ఊపిరి అందలేదు, అందుకని బయటి గాలినే లోపలికి తవ్వి తెచ్చుకుంది. గుంటను నీటి పొదుపుగా మాత్రమే చదివితే ఆ ఆకలి సగం కథ తప్పిపోతుంది.

గన్నేరు ఎడారిలో పుట్టిందని కూడా చాలామంది అనుకుంటారు. మధ్యధరా తీరం నుంచి ఇటు ఆసియా దాకా అది సహజంగా పెరిగేది ఎండిపోయిన వాగుల వెంట. కాళ్ల కింద ఎక్కడో లోతున నీరుంటుంది, తల మీద ఎండ మాడుస్తుంటుంది. ఈ ఆకు కట్టడం ఆ చోటుకు తగినది. వేడి సంగతి కణాల గోడలతో కూడా ఆగలేదు. ఇవే గన్నేరు మొక్కలను పగలు 20 డిగ్రీల దగ్గర కొన్నిటినీ, 45 డిగ్రీల దగ్గర కొన్నిటినీ పెంచి చూసి, బాడ్జర్, బ్యోర్క్‌మన్, ఆర్మండ్ 1982లో ఆ ఫలితాలు రాశారు. వేడిలో పెరిగిన ఆకు వేడికి తట్టుకునేలా తన కిరణజన్య సంయోగక్రియనే సర్దుకుంది.

“దొరికింది మేడమ్! రెండు గుంటలు పక్కపక్కనే!”

మేడమ్ వచ్చి వంగి చూసింది. “బాగుంది. వెంట్రుకలు కూడా తెగకుండా వచ్చాయి. గియ్యి. స్పంజి కణజాలం దగ్గర గాలి గదులు వదలొద్దు, గీత పెట్టి పేరు రాయి.”

మీ స్లైడు తీసి పక్కన పెట్టండి. మేడమ్ జొన్నాకు ముక్క ఒకటి మీ బల్ల మీద పెట్టింది. పల్చటి ఆకు, దుంప ముక్కలో జాగ్రత్తగా నిలబెట్టాలి. కోసి, రంగు వేసి, కటకం కిందకి జరపండి. ఇక్కడ గుంటలు లేవు, పైనా కిందా రెండు బాహ్యచర్మాల్లోనూ పత్రరంధ్రాలే. స్తంభ కణాలూ లేవు. ప్రతి ఈనె చుట్టూ పెద్ద పెద్ద తొడుగు కణాలు వలయం కట్టి ఉన్నాయి, వాటి చుట్టూ పత్రాంతర కణాలు ఇంకో వలయం. బయటి వలయం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి లోపలి వలయంలోకి కుక్కుతుంది, అక్కడ అది చిక్కబడుతుంది. లోపల అంత చిక్కగా ఉంది కనుక తలుపు అంత బార్లా తీయనక్కర్లేదు. అదే బేరాన్ని జొన్న గాలి గదుల్లో కాక ఈనె చుట్టూ కుదుర్చుకుంది. పై బాహ్యచర్మంలో అక్కడక్కడా ఉబ్బిన పెద్ద కణాలు కొన్ని కనపడుతున్నాయి చూడండి. ఎండ ముదిరి వాటిలో నీరు తగ్గినప్పుడు, చేలో జొన్నాకు లోపలికి చుట్టుకునేది అక్కడి నుంచే.